గాజులు పైగదిలోనే ఉన్నాయి

పదకొండు దాటింది. వాన ఆగిపోయినా సన్‌షేడ్ మీంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. రెండుసార్లు లైటు ఆర్పి పడుకున్నాను, రెండుసార్లూ లేచి కూర్చున్నాను. మధ్యాహ్నం తమ్ముడు అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

తమ్ముడంటే మల్కాజిగిరి అబ్బాయే, నాలాగే హామ్ రేడియో పిచ్చి ఉన్నవాడు. లైసెన్సు తీసుకుని సొంత రేడియోతో దూరాల వాళ్లతో మాట్లాడే సరదా అది. యాంటెన్నా సరిగ్గా కుదిరిందో లేదో చూపే నా ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు తిరిగిచ్చి పోదామని వచ్చాడు. పైగదిలో రేడియో పవర్ పెంచడానికి నేను చేసిన కొత్త యాంప్లిఫయర్ చూసి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండు 811ఏ వాల్వులు, అంటే పాతకాలం వాక్యూమ్ ట్యూబులు, పదిహేను వందల వోల్టులు, రాణిగంజ్‌లో ఏసీ సామాను కొట్లో కొన్న పావంగుళం రాగి గొట్టంతో చుట్టిన కాయిలు, ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన, కరెంటుని నిలవ ఉంచే ఆయిల్ కెపాసిటరు. పద్నాలుగు నెలల పని. అంతా చూసి, "అక్కా, ఇదంతా ఒక్క ఎస్ యూనిట్ కోసమేనా?" అన్నాడు.

లెక్క తప్పయితే దిద్దేదాన్ని. సరిగ్గానే చెప్పాడు. నా రేడియో వంద వాట్లు ఇస్తుంది. మన జనరల్ గ్రేడ్ లైసెన్సుకి హద్దు 400 వాట్లు. వంద నుంచి నాలుగు వందలకి పెంచితే ఆరు డెసిబెల్స్, అంటే ఒక్క ఎస్ యూనిట్, అవతలివాళ్ల మీటరులో ముల్లు ఒక్క గీత జరుగుతుంది. నా యాంప్లిఫయర్ ఆ నాలుగు వందలు కూడా ఇవ్వదు. కానీ వానాకాలం సాయంత్రం 40 మీటర్ల బ్యాండులో మెరుపులు తెచ్చే గరగర మధ్య ఎప్పుడైనా కూర్చున్నాడా? ఆ ఒక్క గీత తక్కువై గొంతు గరగర కిందుంటే మాట అందదు, పైకొస్తే అందుతుంది. ఇంటి మీద ఇంతకంటే పెద్ద యాంటెన్నా కట్టే చోటు నాకు లేదు. ఉన్న తీగతో ఆ గీత దాటాలంటే ఇదే దారి.

అంతటితో ఆగితే బాగుండేది. "ట్యూబులు మ్యూజియంలో ఉండాల్సినవి. ట్రాన్సిస్టర్లతో చేస్తే యాభై వోల్టులతో పనైపోతుంది" అన్నాడు. అప్పుడు నాకు నోరు రాలేదు, ఇప్పుడు వరస కడుతోంది. ట్యూనింగు కాస్త తప్పితే వాల్వు ప్లేటు ఎర్రబడి చూపిస్తుంది, నువ్వు కళ్లతో చూసి చెయ్యి వెనక్కి తీసుకునేదాకా ఆగుతుంది. పవర్ ట్రాన్సిస్టరుకి ఆ ఓపిక లేదు. యాంటెన్నా కనెక్టరు వదులైతే, రక్షణ సర్క్యూటు సరిగ్గా లేకపోతే, రెప్పపాటు కూడా ఇవ్వకుండా పోతుంది. 811ఏలో ఫిలమెంటే, అంటే వేడెక్కి వెలిగే తీగే, ఎలక్ట్రాన్లు వదిలే క్యాథోడు. దాని చుట్టూ ఉండే తీగల వల, గ్రిడ్డుని భూమికి కలిపి, రేడియో నుంచి వచ్చే సిగ్నల్ ఆ ఫిలమెంటుకే ఇస్తాం. ఆ సిగ్నల్ ట్రాన్స్‌ఫార్మరులోకి జారిపోకుండా ఫెర్రైట్ కడ్డీ మీద రెండు తీగలు జంటగా చుట్టి చోక్ చెయ్యాలి. రెండు వాల్వులకీ కలిపి ఎనిమిది ఆంపియర్లు పోవాలి కాబట్టి లావు తీగ, వంగదు. ఆ చోక్ మూడుసార్లు విప్పి చుట్టాను. వేళ్లు బొబ్బలెక్కాయి. వీటిలో ఒక్కటీ అబ్బాయికి కనపడలేదు.

అక్కడే నాకు తల వేడెక్కింది. సరే చూడు అని ఆన్ చేశాను. ఫిలమెంట్లు వెలిగాయి. ఈ వాల్వులు చిన్న బల్బుల్లాగే వెలుగుతాయి, మసక గదిలో ఆ వెలుగు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, వాడికీ వేసింది. హై వోల్టేజీ ముల్లు పదిహేను వందల దాకా లేచింది. ఇంకా మైకు తీసుకోలేదు, స్టాండ్‌బైలోనే ఉంది. ఉన్నట్టుండి ముల్లు సున్నాకి పడిపోయింది. ఫ్యూజు పోయిందనుకుని స్విచ్చి కట్టేశాను, ప్లగ్గు పీకాను. గాజులు తీసి స్టీలు పళ్లెంలో పెట్టాను.

గాజులు తీసినప్పుడల్లా మావయ్యే గుర్తొస్తాడు. చిక్కడపల్లి ఇంట్లో మేడ మీద రేకుల గది. నాకు పదహారేళ్లు. ఆయన కోఠిలో కొన్న రెండు 807 వాల్వులతో చేసిన యాంప్లిఫయర్, ఆరు వందల వోల్టులు. మూత తీసి పని నేర్పుతానన్న మొదటి రోజు, "ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో" అన్నాడు. ఒక చేత్తో కరెంటు తగిలితే ఒక సంగతి, ఒక చేతిలోంచి ఎక్కి గుండె మీదుగా రెండో చేతిలోకి దిగితే ఇంకో సంగతి, అందుకు. నాది పరికిణీ, జేబెక్కడిది. కాసేపు ఆలోచించి, "అయితే వీపు వెనక పెట్టుకో, నేను చెప్పేదాకా ముందుకు రానీకు" అన్నాడు. తర్వాత గాజులు తియ్యమన్నాడు. బంగారు గాజు రెండు చోట్ల తగిలితే చాలు, మట్టి గాజు పగిలి లోపల పడినా ప్రమాదమే.

అమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది, నా చేతులు చూసింది. శుక్రవారం. "పెళ్లి కావలసిన పిల్ల బోసి చేతులతో ఏంట్రా ఇది" అని తన తమ్ముడి మీద, అంటే మావయ్య మీద, విరుచుకుపడింది. మావయ్య ఎదురు చెప్పలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "అక్కా, బంగారం కరెంటుని మోస్తుంది, నూలు మొయ్యదు" అన్నాడు. అమ్మ కిందికి వెళ్లిపోయింది. ఇంక పైకి పంపదనే అనుకున్నాను. పది నిమిషాలకి దేవుడి గదిలోంచి పసుపు రాసి ఆరబెట్టిన దారం తెచ్చి నా రెండు మణికట్లకీ కట్టింది. "ఇది ఉంచుకుని ఏం చేస్తారో చేసుకోండి." ఆ ముడి గట్టిగా వెయ్యడంలో ఆవిడ కోపమంతా ఉంది. ఇప్పటికీ నా పనిముట్ల డబ్బాలో దారపుండ ఉంటుంది. ఇవాళా కట్టుకున్నాను.

అమ్మకి ఆ గది ఎప్పుడూ నచ్చలేదు. మావయ్య పోయాక కూడా అటు చూసేది కాదు. సరే, అది వేరే కథ.

మూత నాలుగు మరలూ విప్పాను. భూమికి వైరు కలిపిన ప్లాస్టిక్ పైపు కర్ర, దాని చివర ఇత్తడి కొక్కెం, గోడకి వేలాడుతోంది. దాని కోసం చెయ్యి చాచాను. "మీటరు సున్నాలో ఉంది కదక్కా, ఇంకా అదెందుకు?" అన్నాడు అబ్బాయి. అప్పటికే వాడి మీద మండిపోతున్నాను కదా. చూపిస్తా ఎందుకో అని కొక్కెం తీసుకెళ్లి కెపాసిటరు కొమ్ముకి ఆనించాను.

తాటాకు టపాకాయ పేలినట్టు పేలింది. కళ్ల ముందు నీలం మచ్చ. కొక్కెం కొసన మిరియపు గింజంత గుంట పడింది. చెవుల్లో గుయ్యిమంటుంటే కింద నుంచి ఈయన "ఏంటా చప్పుడు?" అన్నారు. "ఏం లేదండీ, ఫ్యూజు" అన్నాను.

కాసేపటికి లోపల చూస్తే తెలిసింది. కెపాసిటరు ఖాళీ చేసే బ్లీడరు రెసిస్టరు మధ్యలో తెగిపోయింది. హై వోల్టేజీ మీటరుని నేను ఆ బ్లీడరు అడుగునే కలిపాను, రెండు పనులూ ఒక్క దాంతో అయిపోతాయని. అది తెగేసరికి మీటరుకి కరెంటు రాలేదు, ముల్లు సున్నా చూపించింది. కెపాసిటరుకి ఖాళీ అయ్యే దారీ పోయింది. ముప్ఫై మైక్రోఫారడ్లలో పదిహేను వందల వోల్టులు అలాగే నిలిచి ఉన్నాయి. ముప్ఫై నాలుగు జౌళ్ల శక్తి. మనిషికి అది చాలు. ఆ డిజైను నాదే, కాగితం మీద రెండుసార్లు సరిచూసుకున్నదే.

సాయంత్రం నుంచీ వాడి మీద కోపంగా ఉందనుకున్నాను. ఇక్కడిదాకా రాసేసరికి అది ఎటో పోయింది. నిజం చెప్పాలంటే, కర్ర కోసం చెయ్యి చాచాను గానీ ముల్లు సున్నాలో ఉండడం చూసి నాక్కూడా అదే అనిపించింది, ఇవాళ్టికి వద్దులే అని. చెయ్యి సగంలో ఆగింది. వాడు అడగబట్టి, నాకు మండబట్టి కొక్కెం పెట్టాను. వాడు లేకుండా నేనొక్కదాన్నే ఉంటే పెట్టేదాన్నా? ఇదే ఆలోచిస్తూ రెండుసార్లు లేచాను.

యాభై వోల్టుల మాట కూడా ఇప్పుడు వేరేలా వినపడుతోంది. వాడన్నదాంట్లో న్యాయం ఉంది, యాభై వోల్టులైతే ఇంత ప్రమాదం ఉండదు. పవర్ కూడా అన్నిసార్లూ అక్కర్లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మన హైదరాబాదు హామ్ రేడియో సంస్థ తరఫున అంతకుముందే అండమాన్ వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి సందేశాలు పంపుతుంటే, మావయ్య యాంప్లిఫయర్ జోలికే పోలేదు. రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. "అక్కడి గొంతు మీద మన గొంతు పడకూడదు" అన్నాడు. పవర్ పెంచడం నేర్పిన మనిషే ఆ మాటా అన్నాడు. అయినా ఈ యాంప్లిఫయర్ నేను వదలను. వదలాలని లేదు. ఆ ఫిలమెంటు వెలుగు కోసం కూడా చేశాను, చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

అబ్బాయి టీ తాగకుండానే వెళ్లాడు. చేతులు వణికాయి పాపం. "చేరాను అక్కా" అని మెసేజ్ పెట్టాడు. రేపు ఫోన్ చేసి రమ్మంటాను. బ్లీడర్లు ఒకటి బదులు రెండు పెడతాం, ఒకటి తెగినా ఇంకోటి పనిచేస్తుంది. మీటరుకి వేరే దారి, కెపాసిటరు కొమ్ము నుంచి సూటిగా, రెండు వందల కిలో ఓమ్‌లవి పది వరసగా. మామూలు రెసిస్టరు ఒక్కటే అంత వోల్టేజీ ఆపలేదు, పదీ తలా కొంచెం పంచుకోవాలి. కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి.

అన్నం తినేటప్పుడు ఈయన నా చేతులు చూశారు. గాజులు లేవు, పసుపు దారాలు ఉన్నాయి. ఏమీ అడగలేదు, పెరుగు గిన్నె ఇటు జరిపారు. పొద్దున కాఫీ తాగుతూ ఇది చదువుతారు, నాకు తెలుసు.

అది ఫ్యూజు కాదండీ.