హైదరాబాద్ చుట్టూ అద్దెకివ్వడానికి ఇల్లు ఎక్కడ కొంటే నయం

డాలస్‌లో ఉండే మా బావ ఈమధ్య ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే పాట, సిటీలో రేట్లు మనకి అందవు, గంట గంటన్నర డ్రైవ్‌లో ఏదైనా ఊళ్ళో ఇల్లు కొని అద్దెకిచ్చేద్దాం, ఏ ఊరో నువ్వే చూడు అని. సరే అని చూడ్డం మొదలెట్టా. ఎవర్ని అడిగినా ఎయిమ్స్ ఆస్పత్రి వచ్చింది, సెజ్ (కంపెనీల కోసం పెట్టిన ప్రత్యేక ఆర్థిక మండలి) వచ్చింది, రీజనల్ రింగ్ రోడ్డు వస్తోంది అంటారు. అవన్నీ ప్లాటు కొని పదేళ్ళు కూర్చునేవాడికి పనికొచ్చే మాటలు, నెలనెలా అద్దె రావాలంటే మాత్రం అక్కడ పనిచేసేవాళ్ళు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో చూడాలి, నా లెక్క అంతే.

జడ్చర్లే చూడండి. పోలేపల్లి సెజ్‌లో పెద్ద పెద్ద ఫార్మా కంపెనీలున్నాయి, వేలమంది పని. కానీ పొద్దున్నే బెంగళూరు హైవే ఎక్కితే తెలుస్తుంది, సిటీ నుంచి కంపెనీ బస్సులు బారులు తీరి పోతుంటాయి. కాస్త మంచి జీతం ఉన్నోళ్ళు పిల్లల చదువుల కోసం సిటీలోనే ఉండి బస్సెక్కుతారు, అంటే రోడ్డు ఎంత బాగుంటే మనకి ఫ్యామిలీ టెనెంట్ అంత తగ్గుతాడన్నమాట! ఇక అక్కడే ఉండేది షిఫ్టుల్లో చేసే కుర్రాళ్ళు, ఒడిశా బీహార్ నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళు నలుగురు కలిసి ఒక రూం తీసుకుంటారు. కాబట్టి అక్కడ డబుల్ బెడ్రూం ఫ్లాట్ కన్నా వరసగా నాలుగు సింగిల్ రూములు వేసినోడే తెలివైనోడు, కాకపోతే ఆ అద్దెలు వసూలు చేసే ఓపిక డాలస్ నుంచి ఎలా కుదురుద్ది.

షాద్‌నగర్ కొంచెం నయం. కొత్తూరు ఫ్యాక్టరీలు పక్కనే, కాచిగూడ మహబూబ్‌నగర్ లైన్లో రైలు ఉంది, బ్యాంకోళ్ళు టీచర్లు కూడా ఉంటారు.

బీబీనగర్ అంటే అందరూ ఎగబడుతున్నారు. ఎయిమ్స్‌లో 2019లో ఎంబీబీఎస్ మొదలైంది, కరెక్టే, కానీ స్టూడెంట్స్‌కి హాస్టళ్ళున్నాయి, డాక్టర్లు ఉప్పల్ వైపు ఉండి కారులో వచ్చేయొచ్చు. మిగిలేది నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, వాళ్ళ బడ్జెట్‌కి తగ్గ చిన్న పోర్షన్ అయితే ఓకే. యాదగిరిగుట్టలో శని ఆదివారాలు జనం కిటకిట, సోమవారం ఎవడుంటాడు? అది లాడ్జి బిజినెస్, అద్దె ఇల్లు కాదు.

నన్నడిగితే సంగారెడ్డి. పాత మెదక్ జిల్లాకి కూడా హెడ్‌క్వార్టర్స్ ఇదే, అందుకే కలెక్టరేట్, కోర్టులు అన్నీ ఎప్పట్నుంచో ఉన్నాయి, 2022లో మెడికల్ కాలేజీ వచ్చింది. ఒక కంపెనీ మూతపడితే ఖాళీ అయ్యే ఊరు కాదు. ట్రాన్స్‌ఫర్ మీద ఒకడు పోతే ఇంకొకడు వస్తాడు. కందిలో ఐఐటీ ఉందని బ్రోచర్లో పెద్ద అక్షరాలతో వేస్తారు, దానికి పడిపోకండి, ఐఐటీ పిల్లలు క్యాంపస్ హాస్టళ్ళలోనే ఉంటారు.

ఏ ఊరైనా సరే వీక్‌డేలో రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి చూడండి, ఆ వీధి అపార్ట్‌మెంట్లలో ఎన్ని ఫ్లాట్లు చీకటిగా ఉన్నాయో లెక్కపెట్టుకోండి, ఆదివారం వెళ్తే ఏజెంట్ తప్ప ఎవరూ కనపడరు. కిరాణా కొట్టువాడికి ఏ ఇల్లు ఎన్నాళ్ళుగా టులెట్ బోర్డుతో ఉందో మొత్తం తెలుసు. ఏప్రిల్ మే నెలల్లో బోరు సంగతి కూడా ఆయన్నే అడగండి.

లెక్క కూడా వేసుకోండి. 50 లక్షల ఇంటికి నెలకి 11 వేలు వస్తాయనుకుందాం, ఏడాదికి 1.32 లక్షలు, అంటే 2.6 శాతం. రిజిస్ట్రేషన్‌కి తెలంగాణలో 7.5 శాతం, ఒక నెల ఖాళీ, ఒకసారి పెయింటింగు, అంతా పోగా రెండు దాటితే గొప్పే. లోన్ పెట్టి కొంటే అద్దె ఈఎంఐలో ఓ మూలకి కూడా రాదు. అందుకే లోన్ అయితే వద్దే వద్దు బావా అని చెప్పేశా.

ఇంకో తిరకాసుంది, ఓనర్ ఎన్నారై అయితే అద్దెకుండేవాడు అద్దెలో 30 శాతం, పైన సెస్సు, టీడీఎస్ (అంటే ఓనర్ తరఫున ముందే కోసే ఆదాయపన్ను) పట్టి కట్టాలి, దానికి ట్యాన్ అని పన్ను కోసేవాళ్ళకిచ్చే నంబర్ తీసుకోవాలి. సిటీలో కార్పొరేట్ టెనెంట్ అయితే చేస్తాడేమో, సంగారెడ్డిలో టీచర్‌గారికి ఇదంతా చెప్తే పక్క వీధిలో ఇల్లు చూసుకుంటాడు. ఇక్కడే ఉండే అత్తయ్యకి డబ్బు గిఫ్ట్‌గా పంపి ఆవిడ పేరు మీదే కొంటే ఎలా ఉంటుందని బావ అడుగుతున్నాడు, ముందు సీఏని కనుక్కో, తర్వాత రేపు వాటా గొడవ రాకుండా మీ తమ్ముడితో మాట్లాడు అన్నా, ఫోన్ పెట్టేశాడు.