నీళ్ళు లేని నెలలు కూడా వాటికి కావాలి

కైజర్ న్యూట్ అనే జీవి ఈ భూమి మీద ఇరాన్‌లోని జాగ్రోస్ పర్వతాల దక్షిణ భాగంలో, కొన్ని కొండవాగుల్లో మాత్రమే ఉంది. చూడడానికి బల్లిలా ఉన్నా దీనికి పొలుసులు లేవు. కప్పలాగే ఇదీ ఉభయచరమే, తోక ఉంటుంది. నల్లని ఒంటి మీద తెల్లని మచ్చలు, మెడ నుంచి తోక దాకా నారింజ రంగు చార. ఆ అందమే దాని ప్రాణం మీదికి వచ్చింది. వాగుల్లోంచి పట్టి ఇంటర్నెట్‌లో అమ్మడం పెరిగిపోవడంతో, ఇరాన్ కోరిన మీదట 2010లో అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో దీన్ని చేర్చి, అడవి నుంచి పట్టిన వాటిని వ్యాపారం కోసం దేశాలు దాటించడాన్ని నిషేధించారు. నా దగ్గరున్నవి పెంపకంలోనే పుట్టిన తల్లిదండ్రుల సంతానం. పుట్టుక పత్రాలు చూడనిదే నేను ఒక్కదాన్ని కూడా తీసుకోలేదు.

మొదటి రెండేళ్ళూ ఒక్క గుడ్డు కూడా రాలేదు. ఏడాది పొడవునా చల్లని శుభ్రమైన నీళ్ళు, వేళకు ఆహారం, ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రత, ఇలా ఏ లోటూ రాకుండా చూస్తున్నానని అనుకున్నాను. అసలు లోటు అదేనని ఆలస్యంగా తెలిసింది. ఆ కొండల్లో వాగులు చలికాలంలో, వసంతంలో పారి, వేసవిలో చాలావరకు ఎండిపోతాయి. న్యూట్లు నీళ్ళు వదిలి రాళ్ళ కిందికీ నేల పగుళ్ళలోకీ చేరి, తేమను కాపాడుకుంటూ నెలల తరబడి కదలకుండా ఉండిపోతాయి. అందుకని మూడో ఏడు నీళ్ళు క్రమంగా తగ్గించి, వాటిని బెరడు ముక్కలూ రాళ్ళూ పరిచిన పెట్టెలోకి మార్చి, ఆహారం బాగా తగ్గించాను. ఆకలితో మాడుస్తున్నానేమోనని ఆ వేసవంతా మనసు పీకుతూనే ఉంది. చలి మొదలయ్యాక చల్లని నీళ్ళలోకి తిరిగి చేర్చాను. నీళ్ళు మెల్లగా వెచ్చబడుతున్న రోజుల్లో, మగది ఆడదాని ముందు నిలబడి తోకను విసనకర్రలా ఆడించడం మొదటిసారి చూశాను. న్యూట్లలో సంపర్కం ఉండదు. మగది శుక్రకణాల గుళికను అడుగున వదిలితే, ఆడది దాని మీదుగా నడిచి దాన్ని తనలోకి తీసుకుంటుంది. కొన్నాళ్ళకు రాళ్ళ అడుగువైపున గుడ్లు అంటుకుని ఉన్నాయి.

కొన్ని గుడ్లు బూజు పట్టి పాడవుతాయి. వాటిని వెంటనే ఏరివేయాలి. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. యూరప్‌కు చెందిన కిరీటపు న్యూట్లలో మొదటి క్రోమోజోమ్‌లో పుట్టుకతోనే ఉన్న లోపం వల్ల, ఏర్పడిన పిండాల్లో దాదాపు సగం పొదగకముందే చనిపోతాయి. ఆ సంగతి తెలియక, తమ అజాగ్రత్త వల్లే గుడ్లు పోయాయని బాధపడి పెంపకం మానుకున్న వారిని నేనెరుగుదును. కైజర్ న్యూట్లకు ఆ లోపం లేదు, కాబట్టి వీటిలో సగం పోతే కారణం వెతకాల్సిందే.

పిల్లలు పొదిగాక పని అసలు మొదలవుతుంది. తోకకప్పలకు మొదట వెనక కాళ్ళు వస్తే, వీటికి ముందు కాళ్ళు వస్తాయి. తలకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు బయటికే ఉంటాయి. కదలని ఆహారాన్ని ముట్టవు గనుక అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలు), ఆ తరువాత డాఫ్నియా (నీటి ఈగలు) రోజూ సిద్ధంగా ఉండాలి. ఆహారం చాలకపోయినా, గుంపు ఎక్కువైనా ఒకదాని కాళ్ళు ఒకటి కొరికేస్తాయి. పోయిన కాలు మళ్ళీ మొలుస్తుంది, నిజమే. అయితే ఆ పిల్ల పెరుగుదల వెనకబడుతుంది. కాబట్టి నేను సైజును బట్టి వేరువేరు తొట్లలో ఉంచుతాను. మొప్పలు కుంచించుకుపోయే రోజుల్లో గట్టు అందకపోతే మునిగి చచ్చిపోతాయి. అలా ఒకసారి ఒక్క రాత్రిలో నాలుగు పిల్లలను పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ఆ దశలో నీటి లోతును రెండు వేళ్ళ మందానికి తగ్గించి, ఒక పక్కన నాచుతో ఏటవాలు గట్టు కడుతున్నాను.

ఇన్ని పుట్టించాక వాటిని ఏదైనా వాగులో వదలవచ్చు కదా అని అడిగేవారికి నా సమాధానం కచ్చితంగా వద్దనే. న్యూట్ల వంటి జీవుల చర్మానికి పట్టి చంపే బీసాల్ అనే శిలీంధ్రం ఆసియా నుంచి జీవుల వ్యాపారం ద్వారానే యూరప్‌కు చేరిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లనే తోక ఉన్న ఉభయచరాలను అది దాదాపు తుడిచిపెట్టిన తరువాత, 2013లో దాన్ని గుర్తించి పేరు పెట్టారు. పైకి ఆరోగ్యంగా కనిపించే జీవి కూడా దాన్ని మోయగలదు. అందువల్ల కొత్తగా వచ్చిన వాటిని విడిగా ఉంచి పరీక్ష చేయిస్తాను. తొట్టి నీళ్ళను సైతం శుద్ధి చేయకుండా బయట పోయను. నేను చేయగలిగిందల్లా, ఏ పిల్ల ఏ జంటకు పుట్టిందో రాసిపెట్టి, తోబుట్టువులు జతకట్టకుండా చూసి, ఆ వివరాలతో సహా, చట్టం కోరే పత్రాలతో మరో పెంపకందారుకు అప్పగించడం. కోరుకునేవారికి ఇలా పుట్టినవి దొరికితే, వాగులోంచి పట్టి తెచ్చేవాడికి బేరం తగ్గుతుందని నా నమ్మకం.

ప్రస్తుతం పెద్దవన్నీ బెరడు కింద ఉన్నాయి. వారానికి రెండుసార్లు మూత తీసి, అడుగున తేమ ఉందో లేదో వేలితో తాకి చూసి, ఒక్కటి కూడా కంటపడకుండానే మళ్ళీ మూసేస్తున్నాను.