కోతులున్న చోటికి వెళ్తున్నారా? ముందు సంచి సంగతి చూడండి

కోతులు తిరిగే చోటికి వెళ్లేవాళ్లు సంచి సర్దుకునే పని బండి దగ్గరే ముగించుకోవాలి. మెట్ల మీద నిలబడి జిప్పు లాగారంటే, గోడ మీద కూర్చున్న కోతికి లోపల ఏముందో మీరే చూపించినట్టు. గలగలలాడే ప్లాస్టిక్ కవరైతే మరీ ప్రమాదం. అందులో బట్టలున్నా సరే, కోతి లెక్కలో అది తిండే.

సంచి వీపుకు కాకుండా ఛాతీకి తగిలించుకోండి. జిప్పును లాగే పుల్లలు రెండుంటే వాటిని పైన మధ్యలో కలపకుండా ఒక పక్కకి, కిందికి జరిపి చిన్న రింగుతో బిగించండి. జిప్పు పుల్ల పట్టుకుని లాగడం కోతికి పెద్ద పనేమీ కాదు. స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న జిబ్రాల్టర్ కోతులకైతే ఇది బాగా అలవాటైన విద్య. నీళ్ల సీసా పక్క జేబులో పెట్టకండి. తిండి అసలు వెంట తీసుకెళ్లకపోవడమే మేలు. బండిలో వదిలేస్తే అద్దాలు పూర్తిగా ఎత్తండి.

ఇక కళ్లజోడు. చలువద్దాలు లోపల పెట్టేయండి. చూపు కోసం తప్పనిసరైతే తల వెనక బిగుతుగా పట్టే ఎలాస్టిక్ పట్టీ వాడండి. వదులుగా వేలాడే దారం కోతికి పట్టు దొరకడానికే పనికొస్తుంది. టోపీ, వేలాడే చెవిపోగులు, జారిపోయే చెప్పులు కూడా అంతే.

ఇండోనేషియాలోని బాలి దీవిలో ఉన్న ఉలువాటు గుడి దగ్గర కోతులు ఈ దొంగతనాన్ని బేరంగా మార్చేశాయి. వస్తువు లాక్కుని, తిండి ఇచ్చాకే వదులుతాయి. 2021లో వెలువడిన పరిశోధన ప్రకారం, వయసొచ్చిన కోతులు మనుషులు దేనికి ఎక్కువ విలువిస్తారో గమనించి వాటినే ఎంచుకుంటాయి. అంటే ప్రతి పండూ తర్వాతి దొంగతనానికి పాఠమే. అందుకే వస్తువు పోతే మీరు బేరానికి దిగకండి, అక్కడి సిబ్బందిని పిలవండి. పట్టుకుని పెనుగులాడొద్దు. అలా పెనుగులాడితే కాటు పడొచ్చు.

కోతి ముఖం చదవడం నేర్చుకుంటే సగం గొడవ ఉండదు. నోరు గుండ్రంగా తెరిచి, కనుబొమలు పైకెత్తి, మీ మీదే చూపు నిలిపిందంటే బెదిరిస్తోంది. పెదాలు వెనక్కి లాగి పళ్లన్నీ బయటపెడితే నవ్వుతోందనుకుని జనం ఫొటోకి దగ్గరికెళ్తారు. అది నవ్వు కాదు, భయం. భయపడిన కోతి కూడా కరుస్తుంది. రెండు సందర్భాల్లోనూ కళ్లలోకి చూడకుండా, కాస్త పక్కకి తిరిగి, ఖాళీ అరచేతులు చూపిస్తూ మెల్లగా వెనక్కి జరగండి. పరుగెత్తితే వెంటపడతాయి. పిల్లకోతికీ తల్లికీ మధ్యలోకి అసలు వెళ్లొద్దు. మన పిల్లలు దాదాపు కోతుల ఎత్తులోనే ఉంటారు కాబట్టి, చేతిలో ఏమీ ఇవ్వకుండా పెద్దల మధ్యలో నడిపించండి.

కరిచినా, గోళ్లతో గీరినా, చిన్న గీతేనని తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే ధారగా పడే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ కడగాలి, ఎందుకంటే మనకు 2 నిమిషాలే చాలాసేపు అనిపిస్తుంది. తర్వాత అయోడిన్ మందు రాసి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పసర్లూ పొడులూ పెట్టొద్దు. రేబిస్ టీకా తొలి డోసు వేసిన రోజును 0గా లెక్కపెట్టి 3వ, 7వ రోజుల్లో మళ్లీ వేస్తారు. ఆ తర్వాతి డోసు డాక్టరు చెప్పినట్టు. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ను అడ్డుకునే, ముందే తయారుచేసిన యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి. చాలామంది టీకాతో సరిపెట్టుకుని దీన్ని వదిలేస్తారు, కాబట్టి నోరు తెరిచి అడగండి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి. గతంలో రేబిస్ టీకా పూర్తిగా వేయించుకున్నవాళ్లకి ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు, డోసులూ తగ్గుతాయి. ఆ కాగితం ఉంటే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.