పదాలన్నీ తెలుసు, పేరా మాత్రం అర్థం కాలేదు: నెట్ సోషియాలజీ ప్రిపరేషన్ అనుభవం

డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ సోషియాలజీకి సిద్ధమవుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. మొదటి ప్రయత్నంలో నన్ను దెబ్బతీసింది సోషియాలజీ కాదు, మొదటి పేపరులో 5 ప్రశ్నలతో వచ్చే గద్యభాగం. నమూనా పరీక్షల్లోనూ అదే పరిస్థితి. ఒకసారి యూరప్ సంగీత కచేరీల మీద ఒక పేరా ఇచ్చారు. ప్రతి పదానికీ అర్థం తెలుసు, కానీ రచయిత ఎవరిని ఎత్తిపొడుస్తున్నాడో అంతుపట్టలేదు. నాకు ఇంగ్లీషు రాదని తీర్మానించుకొని ఆరు నెలలు వ్యాకరణం వల్లె వేశాను. రోగం ఒకటి, మందు ఒకటి.

అసలు సంగతి సిలబస్ చదువుతుండగానే బోధపడింది. అమెరికాకు చెందిన ఈ.డి. హర్ష్ 1987లో వెలువరించిన ‘కల్చరల్ లిటరసీ’లో రిచ్మండ్‌లోని కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల ప్రస్తావన ఉంది. మామూలు విషయాలను చక్కగా చదివిన ఆ పిల్లలు, అమెరికా అంతర్యుద్ధ సేనానులైన గ్రాంట్, లీలను పోల్చిన గద్యం దగ్గర, వాళ్ల గురించి ముందే తెలియకపోవడంతో తడబడ్డారు. ఆ యుద్ధంలో దక్షిణాది రాజధాని రిచ్మండే కావడం విచిత్రం. 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు 64 మంది బడిపిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఇచ్చినప్పుడు, చదువులో వెనుకబడినా ఆట తెలిసినవారు, బాగా చదవగలిగినా ఆట తెలియనివారి కంటే ఎక్కువ గుర్తుంచుకున్నారు.

అప్పటి నుంచి ‘ది హిందూ’ పత్రిక సంపాదకీయం చదివేటప్పుడు తెలియని పదాలకు బదులు, నాకు ముందే తెలిసి ఉంటుందని రచయిత అనుకున్న విషయాలను అంచులో రాసుకోవడం మొదలుపెట్టాను. అలాంటి విషయాలు రోజుకు మూడు చాలు. గద్యభాగానికి ఇంతకంటే మేలైన సాధన నాకు కనిపించలేదు.

రెండో పేపరుకు, అంటే సోషియాలజీకి, ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త బూర్దియోను మాత్రం నిదానంగా చదవండి. పాసెరాన్‌తో కలిసి రాసిన ‘రీప్రొడక్షన్’ 1970, ‘డిస్టింక్షన్’ 1979. సాంస్కృతిక పెట్టుబడి, అంటే డబ్బులాగే మనిషికి పైచేయి ఇచ్చే చదువు, అభిరుచి వంటివాటి రూపాలు మూడు: దేహగతం (ఒంటబట్టిన అలవాట్లు, అభిరుచి), వస్తుగతం (పుస్తకాలు, చిత్రాల వంటివి), సంస్థాగతం (డిగ్రీలు). కాలక్రమం, జతపరచడం ప్రశ్నలకు ఇవి పనికొస్తాయి. అయితే హర్ష్‌కూ ఈయనకూ మధ్య తేడాను పట్టుకోవాలి. పాఠకులకు ముందే తెలుసని రచయితలు అనుకునే ఆ ఉమ్మడి జ్ఞానాన్ని అందరికీ నేర్పితే అసమానత తగ్గుతుందని హర్ష్ అంటే, పైవర్గాల ఇళ్లలో సహజంగా అబ్బే అభిరుచినే బడి ప్రతిభగా లెక్కిస్తుందని బూర్దియో అంటాడు. ఆయన ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి తపాలా ఉద్యోగి కొడుకు. పరీక్ష కోసం హర్ష్ మాట విన్నాను గానీ, నా మనసు బూర్దియో వైపే మొగ్గుతుంది.

ఎందుకంటే, మా చదువు బృందంలో కౌలు రైతు కొడుకు ఒకడు ఉండేవాడు. వ్యవసాయ సంబంధాల పాఠం మాకు కొరుకుడు పడనప్పుడు, కౌలుకూ పాలుకూ (పంటలో వాటాకూ) జీతానికీ ఉన్న తేడాను, ఎవరు ఎవరి వాకిట్లో ఎందుకు నిలబడతారో పుస్తకం తెరవకుండా గంటసేపు చెప్పాడు. ఆ వారం నమూనా పరీక్షలో మా అందరిలోకీ తక్కువ మార్కులు వాడికే వచ్చాయి, ఆ గద్యభాగంలోనే.