మార్కిన్యోస్ పెనాల్టీ పంచాయితీ

తిరుపతి యూనివర్సిటీ గ్రౌండ్ గట్టు మీద మళ్లీ అదే గొడవ. "డిఫెండర్‌కి కిక్ ఎందుకిచ్చినారప్పా?" 2022 డిసెంబర్ 9, ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో క్రొయేషియాతో బ్రెజిల్ క్వార్టర్ ఫైనల్, పెనాల్టీ షూటౌట్‌లో నాలుగో కిక్. డిఫెండర్ మార్కిన్యోస్ కొట్టిన బంతి పోస్టుకి తగిలింది, బ్రెజిల్ 4-2తో ఓడి ఇంటికి.

డిఫెండర్ కాబట్టే పోయిందనడం ఒట్టి మాట. ముందు రోడ్రిగో కొట్టింది గోలీ ఆపేశాడు, అతను ఫార్వర్డే కదా! కిక్ కొట్టే చోటు నుంచి గోల్‌కి దూరం 11 మీటర్లు, గోల్ వెడల్పు 7.32. బంతి అడ్డం 22 సెంటీమీటర్లు. మరీ పోస్టు అంచుకి గురిపెడితే జానెడు తేడా వచ్చినా అంతే సంగతులు. అరమీటరు లోపలికి, గట్టిగా కొట్టడం మేలు.

ఇంకోటి, కొట్టేటప్పుడు నేల మీద ఆనించే కాలు. బంతి పక్కనే జానెడు దూరంలో, గురివైపు తిరిగి ఉండాలి. 2008లో మాస్కో వానలో పెనాల్టీ కొడుతూ చెల్సీ కెప్టెన్ టెర్రీకి జారింది ఆ కాలే.

అసలు తప్పు కిక్కుల వరుసది. బ్రెజిల్ స్టార్ నెయ్‌మార్‌ని ఐదోవాడిగా దాచిపెట్టారు, వంతే రాలేదు. ఇప్పుడేమో "అతని పనైపోయింది" అంటారు. 2023 అక్టోబర్‌లో ఎడమ మోకాలి ఏసీఎల్ (కీలు లోపలి లిగమెంటు) తెగింది, 2025 జనవరిలో తన పాత క్లబ్ సాంతోస్‌కి తిరిగొచ్చాడు. పరుగు తగ్గొచ్చు గానీ, నిలబడిన బంతిని కొట్టడానికి పరుగెందుకు సామీ?