నల్ల గడుల తరగతి

ఈ మధ్యాహ్నం స్టాఫ్ రూములో మార్కుల జాబితాలు సరిచూసుకుంటుండగా తోటి ఉపాధ్యాయురాలు ఒకరు ఒక పేరు మీద వేలు ఉంచి, "వీళ్లకు ఆ కరోనా రెండేళ్లూ సున్నా అనుకోండి మేడమ్. ఆన్‌లైన్‌లో ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు?" అన్నారు. ఆ మాటలో కోపం గానీ ఎగతాళి గానీ లేవు. అందరికీ తెలిసిన సంగతిని మరొకసారి గుర్తుచేసినట్టు అన్నారు, చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు, ఆమె తరువాతి పేరుకు వెళ్లిపోయారు. నాకు మాత్రం అది అక్కడే ఆగిపోయింది. ఇంటికి వచ్చి ఆయనతో చెబితే, "రోజూ లాప్‌టాప్ మూస్తూ 'ఇదీ ఒక చదువేనా' అని నువ్వే అనేదానివి కదా" అని మళ్లీ పేపరులో మునిగిపోయారు. ఆయన జ్ఞాపకశక్తి ఇలాంటి చోట్ల మాత్రమే చురుగ్గా పనిచేస్తుందని మీకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు.

అనేదాన్ని, నిజమే. ఆ రోజులను తిట్టుకునే హక్కు నాకు పుష్కలంగా ఉందని ఇప్పటికీ అనుకుంటాను. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించిన కొద్ది వారాలకే, యునెస్కో లెక్క ప్రకారం ప్రపంచమంతటా 150 కోట్లకు పైగా విద్యార్థులకు బడి తలుపులు మూసుకుపోయాయి. గుమ్మంలో అడుగుపెట్టగానే ఏ మూలన ఎవరు ఏ ధ్యాసలో ఉన్నారో పసిగట్టగలిగిన నాబోటి వాళ్లం, తెల్లని అక్షరాలతో పేర్లు రాసి ఉన్న నల్ల గడుల ఎదుట కూర్చుని భిన్నాల భాగహారం చెప్పవలసి వచ్చింది. "వినబడుతోందా?" అని అడగడం, ఎవరూ పలకకపోవడం, మళ్లీ అడగడం, చివరకు ఎవరో ఒకరు మైకు తెరిచి "మాట వినబడుతోంది మేడమ్, బోర్డు కనబడటం లేదు" అనడం: ప్రతి తరగతికీ ప్రార్థన ఇదే.

అంతకంటే చిరాకు హాజరుతో వచ్చింది. పీరియడ్ మొదట ఒకటి, చివర ఒకటి స్క్రీన్‌షాట్ తీసి పంపాలని పై నుంచి ఆదేశం. పిల్లలు ఒక తెరలో పట్టరు కాబట్టి పక్కకు జరుపుతూ, జారిపోయిన పేరును వెతుకుతూ, పాఠానికి దక్కవలసిన నిమిషాలు ఆ ఫొటోలకే పోయేవి. ఫోను ఆన్ చేసి దిండు పక్కన పెట్టి నిద్రపోయిన పిల్లవాడు హాజరు, పాఠం శ్రద్ధగా విని చివరి నిమిషంలో నెట్ తెగిపోయిన పిల్ల గైరుహాజరు. ఈ విడ్డూరాన్ని ఎవరికి విన్నవించుకోవాలో కూడా తెలియదు. ఇంకొక మహానుభావుడు తన పేరు తీసేసి ఆ స్థానంలో "రీకనెక్టింగ్" అని పెట్టుకున్నాడు. ప్రశ్న అతని దాకా వచ్చినప్పుడల్లా, పాపం నెట్ అందడం లేదు కాబోలని నేను పక్కవాళ్లను అడిగేదాన్ని. మా చిన్నది ఒకనాడు నా భుజం మీదుగా తొంగిచూసి, "అమ్మా, అది వాడు పెట్టుకున్న పేరు" అని కిసుక్కున నవ్వేదాకా ఆ నాటకం సాగింది.

అందరూ కలిసి పలకలేకపోవడం కూడా నాకు పెద్ద లోటుగానే తోచింది. ఆరో తరగతి పిల్లలతో ఏడో ఎక్కం, ఎనిమిదో ఎక్కం ఒక్క గొంతుతో చెప్పించడం నాకు ఇష్టం, రానివాళ్లు వచ్చినవాళ్ల గొంతు పట్టుకుని దాటేస్తారు, ఎవరూ చిన్నబుచ్చుకోరు. తెర మీద అది సాగదు. మాటకు మాట అందుకోవడంలో మనుషులు సగటున సెకనులో ఐదో వంతు విరామం మాత్రమే తీసుకుంటారని పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. నెట్ బాగా లేని రోజున ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మాట చేరడానికి పట్టే సమయమే అంతకు మించిపోతుంది, పైగా ఒక్కొక్క ఇంటికి ఆ ఆలస్యం ఒక్కొక్క విధంగా ఉంటుంది. దీనికి తోడు ప్రతిధ్వని రాకుండా చూసే సాఫ్ట్‌వేర్, ఒకేసారి వచ్చిన గొంతులలో కొన్నింటిని రొదగా భావించి అణచివేస్తుంది. అందుకే మా ఎక్కాలు ముక్కలుముక్కలుగా వినబడేవి. ఇద్దరు ఒకేసారి మాట్లాడబోయి, ఇద్దరూ ఆగిపోయి, "నువ్వు చెప్పు", "లేదు, నువ్వు చెప్పు" అని మర్యాదలు జరుపుకునేవారు, ఈలోగా లెక్క ఎక్కడిదక్కడే ఉండిపోయేది.

ఇక కెమెరాలు. అందరి కెమెరాలు తప్పనిసరిగా ఆన్ చేయించి ఉంటే సగం తలనొప్పి తగ్గేదని ఇక్కడ రాశాను. రాసి, అత్తయ్యగారికి మందు ఇచ్చి వచ్చి, మళ్లీ చదువుకుని ఆ వాక్యం కొట్టేశాను. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021 ఫిబ్రవరిలో ప్రచురించిన వ్యాసంలో వీడియో సమావేశాల అలసటకు నాలుగు కారణాలు చెప్పారు: ఎదుటివారి ముఖాలు మరీ దగ్గరగా, ఎడతెగకుండా మనల్నే చూస్తున్నట్టు ఉండటం, మన ముఖం మనకే గంటల తరబడి కనబడటం, కదలకుండా ఒకే చోట కూర్చోవలసి రావడం, సహజంగా జరిగిపోయే సైగలను ఇక్కడ పనిగట్టుకుని చేయవలసి రావడం. ఇందులో రెండోదానికి నేను స్వయంగా సాక్షిని. తెర మూలన ఉన్న నా ముఖం మీద ఒక చీటీ అంటించుకుని పాఠం చెప్పేదాన్ని, అది కనబడితే జుట్టు సర్దుకోవడం తప్ప మరొక ఆలోచన రాదు. ఆ వసతి పెద్దదాన్నైన నాకు కావలసివచ్చినప్పుడు, పన్నెండేళ్ల పిల్లలు తమ ముఖాలను తోటివారందరి ఎదుట రోజుకు ఇన్ని గంటలు నిలబెట్టాలని ఎలా కోరతాం? కార్నెల్ విశ్వవిద్యాలయంలో 2020లో విద్యార్థులనే అడిగి చూస్తే, కెమెరా ఆపడానికి ఎక్కువమంది చెప్పిన కారణం తాము ఎలా కనబడతామోనన్న బెరుకు. వెనుక ఇంట్లోవాళ్లు కనబడతారని, ఇల్లు కనబడుతుందని, నెట్ ఆగదని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ జవాబు చెప్పినవాళ్లు కళాశాల వయసువాళ్లు, మావాళ్లు ఇంకా చిన్నవాళ్లు. నల్ల గడుల మీద నాకున్న కోపం ఇప్పుడు చాలావరకు పోయింది.

ఆ వేలు ఆగిన పేరు దగ్గరకు వస్తాను. ఆమె చూపించినది మౌఖిక పరీక్ష మార్కును. ఆ పిల్లవాడి రాత పరీక్ష మార్కులు మరీ గొప్పవి కాకపోయినా చెప్పుకోదగ్గవే. మౌఖికంలో మాత్రం అట్టడుగున ఉన్నాడు, దానికి కారణం మహమ్మారి అని ఆమె తేల్చేశారు. బడి మూతపడక ముందు అతను నా తరగతిలోనే ఉన్నాడు. చివరి వరుసలో గోడ వారగా కూర్చునేవాడు, లేపి నిలబెడితే జవాబు తెలిసి కూడా పెదవి విప్పేవాడు కాదు, వెనుక ఎవరో నవ్వుతారేమోనని మెడ లోపలికి లాక్కునేవాడు. అప్పటికి కరోనా అనే పేరే ఎవరికీ తెలియదు.

తెర మీది తరగతులు కొంచెం గాడిన పడ్డాక, ఒక రోజు శాతాల పాఠంలో, ఒక వస్తువు వెలను 20 శాతం పెంచి, పెరిగిన వెల మీద 20 శాతం తగ్గిస్తే మళ్లీ మొదటి వెలే వస్తుందా అని అడిగాను. చాట్‌లో అందరికీ కనబడేలా "అవును", "అవును మేడమ్" అని బారులు తీరాయి. ఆ బారు నడుమ, నాకు ఒక్కదానికే కనబడేలా ఒక సందేశం వచ్చింది: "రాదు మేడమ్, 4 శాతం తక్కువ వస్తుంది." పంపినవాడి పేరు చూసి నమ్మలేక, వాళ్ల అన్నయ్య పక్కన కూర్చుని టైపు చేస్తున్నాడేమోనని అనుమానపడ్డాను. పరీక్షించడానికి ప్రశ్న తిరగేశాను: ముందు 20 శాతం తగ్గిస్తే, తరువాత ఎంత శాతం పెంచితే మొదటి వెల వస్తుంది? కొంతసేపు ఏమీ లేదు. నేను వివరించబోయేలోగా మళ్లీ నాకు మాత్రమే వచ్చింది, 25 అని. తగ్గాక 80 ఉంటుంది, 20 కలపాలి, 80లో 20 నాలుగో వంతు కదా అని కింద ఒక్కొక్క ముక్కగా రాసుకొచ్చాడు. అక్షరదోషాలను బట్టి అన్నయ్య కాదని రూఢి అయింది. ఒకరు సరైన జవాబు పంపారని తరగతికి చెబుతుంటే, వెంటనే "పేరు చెప్పకండి మేడమ్" అని ఇంకొకటి వచ్చింది. చెప్పలేదు.

ఆ తరువాత అతను దాదాపు ప్రతి పాఠంలోనూ అలా మాట్లాడాడు. భిన్నంతో భాగించేటప్పుడు ఎందుకు తలకిందులు చేసి గుణిస్తామని అడిగాడు. అన్నేళ్ల నా ఉద్యోగంలో ఆ ప్రశ్న అడిగిన పిల్లలు చాలా తక్కువ. మిగిలినవాళ్లు నోట్సు రాసుకుంటుంటే, సగం రొట్టెలు ఎన్నయితే మూడు రొట్టెలవుతాయో చెప్పమని నేను టైపు చేశాను, అతను "ఆరు, అర్థమైంది" అని పంపాడు. ఇంత సంతోషంగా ఉన్న భాగాన్ని నేను ఇన్నాళ్లూ ఎందుకు ఎవరికీ చెప్పలేదో తెలియదు, హాజరు స్క్రీన్‌షాట్ల గోడు మాత్రం ఊరంతా విన్నది.

మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతుల ధ్వని ముద్రణలను విని, ప్రశ్న వేసిన తరువాత ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, 3 సెకన్లు ఆగగలిగితే జవాబులు పొడవవుతాయని, అప్పటిదాకా నోరు మెదపనివాళ్లు కూడా ముందుకు వస్తారని చూపించారు. శిక్షణలో ఇది అందరమూ చదివినదే, గదిలో పాటించినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తెర ముందు మాత్రం ఆగక తప్పేది కాదు, మైకు తెరవాలి, మాట చేరాలి, లేదా టైపు చేయాలి. నేను విసుక్కున్న ఆ ఆలస్యంలోనే అతనికి ఆలోచించుకునే వ్యవధి దొరికింది, తోటివాళ్ల కళ్లు తన మీద లేకుండా జవాబు చెప్పే చోటూ దొరికింది. బడి తెరిచాక మళ్లీ గోడ వారకే వెళ్లి కూర్చున్నాడు. ప్రశ్న అడిగితే నేల చూశాడు.

ఇక్కడికి వచ్చేసరికి నేను ఆన్‌లైన్ తరగతులకు యోగ్యతాపత్రం రాస్తున్నానేమోనని అనుమానం కలిగింది. అలా కాదు. చదువు ఏ రూపంలోనూ అందని పిల్లలు కనీసం 46.3 కోట్లమంది అని యునిసెఫ్ 2020 ఆగస్టులో లెక్క చెప్పింది, అంటే ప్రపంచంలోని బడి పిల్లల్లో సుమారు మూడో వంతు. నా జాబితాలోనూ ఒక్కసారి కూడా తెర మీదకు రాని పేర్లున్నాయి. ఇంట్లో ఒక్క ఫోను ఉండి, అక్కకు పరీక్ష ఉన్న రోజు తమ్ముడు కనబడకుండా పోయిన ఇళ్లున్నాయి. ఇది కొత్త సంగతి కూడా కాదు. 1937లో పోలియో వల్ల షికాగోలో బడులు తెరవడం ఆలస్యమైనప్పుడు రేడియోలో పాఠాలు చెప్పారు, పత్రికల్లో పాఠాల వేళలు అచ్చువేశారు, సందేహాలకు ఉపాధ్యాయులను ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎంత చేసినా రేడియో లేని ఇళ్లకు, ఉన్నా సరిగా వినబడని చోట్లకు ఆ పాఠాలు చేరలేదు. కాబట్టి ఆమె అన్న సున్నా కొందరు పిల్లల విషయంలో అక్షరాలా నిజం, ఆ పిల్లల కోసం మేము ఇప్పటికీ కింది తరగతి పాఠాలు మళ్లీ చెబుతూనే ఉన్నాం. అయితే వాళ్లెవరో, వీళ్లెవరో చూడకుండా అందరి మీదా ఒకే వేలు పెట్టడమే నేను మింగలేకపోతున్నది. లెక్కలు చెప్పుకునేవాళ్లం, సున్నా అనేముందు ఒకసారి కూడి చూసుకోవాలి కదా.

రేపటి నుంచి ప్రశ్న వేశాక ఎవరూ చేయి ఎత్తవద్దని, ముందు అందరూ చిన్న కాగితం మీద జవాబు రాసి, మడిచి నా బల్ల మీద పెట్టాలని చెప్పబోతున్నాను. ఇబ్బందులు లేకపోలేదు. అన్ని కాగితాలు చదివేసరికి గంట కొడతారు, చేతిరాతను బట్టి ఎవరిదో పక్కవాళ్లు పోల్చేస్తారు, చాట్‌లో లాగా వెంటనే బదులు ఇవ్వడానికి కుదరదు. రోజుకు ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టి, కాగితాలు ఇంటికి తెచ్చుకుని చూస్తాను, ఆయన పేపరు చదువుకునే వేళ నాకూ ఒక పని ఉంటుంది. ఆ కాగితం మీది జవాబుకు మౌఖికం వరుసలో మార్కు వేయవచ్చునా అని కూడా పైవాళ్లను అడుగుతాను. వేయకూడదంటే, అది ఏ నియమంలో రాసి ఉందో చూపించమంటాను.