చిల్లిగవ్వలు

చాందీపూర్ పేరు క్షిపణి ప్రయోగాల వార్తల్లో చదవడమే తప్ప ఎప్పుడూ చూసింది లేదు. పూరీలో దర్శనం అయ్యాక రెండు రోజులు మిగిలితే, "ఆటు సమయంలో అక్కడ సముద్రం 5 కిలోమీటర్ల దాకా వెనక్కి పోతుందట, చూసి వద్దాం" అన్నది నేనే. బాలాసోర్ స్టేషన్ నుంచి 16 కిలోమీటర్లకు ఆటో అతను అడిగిన డబ్బు విని మావారు నా వైపు ఒక చూపు చూశారు.

తీరా వెళ్తే సముద్రం లేదు. కనుచూపు మేర తడి ఇసుక. "విశాఖలో ఊరికే కనిపించే సముద్రాన్ని వదిలేసి, లేని సముద్రాన్ని చూడడానికి ఇంత ఖర్చా?" అని గొణిగి ఆయన సరుగుడు చెట్ల నీడన చతికిలబడ్డారు.

నేను చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడిచాను. కాలి కింద చొక్కా బొత్తాలంత గుల్లలు, ఎక్కడ చూసినా అవే. గులాబీవి, బూడిదరంగువి, చాక్లెట్ గీతలవి, చుక్కలవి. చిన్నప్పుడు భీమిలిలో అక్కా నేనూ పోటీపడి ఏరిన రోజులు గుర్తొచ్చి, రుమాలులో రకానికొకటి చొప్పున వేసుకున్నాను. 11 రకాలు తేలాయి.

కాస్త దూరంలో ఒక అమ్మాయి ఇసుకలో కూర్చుని గుల్లలను వెర్నియర్‌తో కొలుస్తోంది. కోల్‌కతా నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. వచ్చీరాని హిందీలో గొప్పగా నా రుమాలు విప్పి చూపించాను. ఒక్క క్షణం చూసి, "11 కాదు ఆంటీ, రెండే" అంది.

నాకు రోషం వచ్చింది. కళ్లు లేవా ఏం?

"రంగు వదిలేయండి, తిప్పి బొడ్డు చూడండి" అంది. నత్త గుల్ల చుట్టుకుంటూ పెరిగేటప్పుడు అడుగున మధ్యలో గుంట మిగులుతుంది, అదే బొడ్డు. నా పదింటిలోనూ ఆ చోట గుంటే లేదు, లక్క పోసి మూసినట్టు నున్నటి ముద్ద ఉంది. పైన చూస్తే అన్నీ అదిమిన బొంగరాలే, ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ. గోటితో గీరితే ఎక్కడా గరుకు తగలదు. శాస్త్రీయ నామం అంబోనియం వెస్టియేరియం. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో వర్ణించిన జీవి. ఆ రెండో మాట లాటిన్‌లో బట్టలకు సంబంధించినదట, బొత్తం పోలిక ఆయనకూ తట్టిందేమో. ఇసుకలో కూరుకుని, నీళ్లలో తేలే నలుసులను వడకట్టుకుని తింటుంది. రంగులు మాత్రం ఏ రెండింటికీ కలవవు.

పదకొండోది వేరు. గుండ్రటి పొట్ట, అర్ధచంద్రాకారపు నోరు, మీగడరంగు మీద గోధుమరంగు చుక్కల వరుసలు. దీని జాతి పేరు టైగ్రినా. గోళీకాయంత నత్తకు పులి పేరేమిటని నవ్వబోయాను. "మిగతా వాటిని తినేది ఇదే" అని నా బొత్తపు గుల్లల్లో ఏడింటిని పక్కకు తీసింది. ఒక్కోదానికీ ఒక చిల్లి. దండ గుచ్చుకోవడానికి వీలుగా ఉన్నాయని నేను ఏరి మరీ తెచ్చినవి అవి!

భూతద్దం ఇచ్చింది. మరమేకు తల దిగడానికి వడ్రంగి తొలిచినట్టు, చిల్లి పైన వెడల్పుగా ఉండి లోపలికి పోయేకొద్దీ సన్నబడింది. పులిగారు ఎరను పాదంతో చుట్టేసి, గుల్లను తన స్రావంతో మెత్తబరిచి, పళ్ల నాలుకతో గంటల తరబడి గీకుతారట. ఆ తర్వాత ఆ కన్నంలోంచే భోజనం. నేను చాలాసేపు ఆ ఏడింటినీ తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాను.

చప్పుడు లేకుండా చీలమండల దాకా నీళ్లు వచ్చాయి. ఆ అమ్మాయి సామాను సర్దుకుంటూ "పదండి, పదండి" అని తొందరపెట్టింది. చెట్ల దగ్గరికి చేరేసరికి నేను నడిచిన దారంతా సముద్రమైంది. మావారు లేచి నిలబడి, నోరు తెరుచుకుని చూస్తున్నారు. మేం ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చింది దీనికే అన్నట్టు ఆయన ముఖం వెలిగిపోతోంది.

స్టేషన్ దగ్గర ఆటో అతను ఒప్పుకున్న దాని మీద ఇంకో వంద అడిగాడు. మావారు ఖాళీ జేబు బయటికి లాగి చూపిస్తూ, పాపం అతనికి అర్థం కాని తెలుగులో "చిల్లిగవ్వ లేదు నాయనా!" అన్నారు.

నేను రుమాలు ముడి బిగించుకున్నాను. నా దగ్గర ఏడున్నాయి.